జమ్ము తీయించిన ఏడు

ఆ ఏడు మా ఊరి సర్పంచ్ సీటు ఆడవాళ్లకు పోయిందని తెలిసేసరికే మా ఆయన ఫోటోతో పోస్టర్లు మేడ్చల్‌లో అచ్చయి ఇంటికి వచ్చేశాయి. తెల్ల చొక్కా వేసుకుని, చేతులు జోడించి, నవ్వీ నవ్వనట్టు ఉన్నాడు ప్రతాప్. ఆ కట్టల్ని సోఫా పక్కన పెట్టుకుని రెండు రోజులు అలాగే కూర్చున్నాడు. తర్వాత మా పెళ్లి ఆల్బమ్ దింపించి, నా నెత్తిమీద జీలకర్ర బెల్లం లేని ఫోటో ఒకటి వెతికి పట్టుకుపోయాడు. అలా నేను సర్పంచ్‌గా నిలబడ్డాను. నన్నెవరూ అడగలేదు. అయినా గోడల మీద నా మొహం చూసుకుంటే సరదాగానే ఉండేది.

రెండు వేల ఒకటి వానాకాలం అది. మా ఊరు అలియాబాద్ దాటాక కరీంనగర్ రోడ్డు నుంచి కొంచెం లోపలికి. రోడ్డు మీదనే అప్పటికి నాలుగైదేళ్లుగా ఒక కాలనీ పెరుగుతోంది. బ్యాంకుల్లో, ఫ్యాక్టరీల్లో పని చేసే కోస్తావాళ్లు ఇళ్లు కట్టుకున్నారు. ఊరు రెండు పార్టీలుగా చీలి సరిసమానంగా ఉండేది కాబట్టి, తక్కెడ ఎటు మొగ్గాలన్నా కాలనీ ఓట్లే కావాలి.

ఆ కాలనీకి దిగువన మూడెకరాల జమ్ము ఉండేది. మా అత్తమ్మ లక్ష్మీకాంతమ్మకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి అది. ఏడాది పొడుగునా తడిగా ఉండి పంటకు పనికిరాదు. మనిషెత్తు జమ్ము, అడుగున తుంగ, వాటి నడుమ కొంగలు. కాలనీ మురుగంతా ఒక తూము లోంచి నల్లగా వచ్చి అందులో పడేది. అవతలి కొసన సన్నటి కాలువగా తేటగా బయటికి వచ్చేది. ఆ కాలువ పక్కనే మా బావి. మా బర్రెలకూ ఆకుకూర మడులకూ ఆ నీళ్లే. కింది వాడకట్టు వాళ్లు వంటకు కూడా అవే తోడుకుపోయేవారు. మధ్యలో ఏం జరుగుతోందని ఇంట్లో ఎవరమూ ఆలోచించినట్టు నాకు గుర్తు లేదు. అత్తమ్మ మాత్రం ఒక మాట అంటుండేది. "జమ్ము ముందల తాగుతది, మనం ఎన్క తాగుతం" అని.

ప్రచారం మొదలైన వారంలోనే ప్రతాప్ నన్ను కాలనీ అధ్యక్షుడు కృష్ణారావు గారి ఇంటికి తీసుకుపోయాడు. ఆయన ఏదో ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. భార్య కామేశ్వరి మాకు కాఫీ ఇచ్చింది. మా అత్తమ్మ పోసే పాలతో కలిపిన కాఫీయే.

"దోమలండీ," అన్నాడు కృష్ణారావు గారు. "సాయంత్రమైతే తలుపు తీయలేకపోతున్నాం. ఆ గడ్డి, ఆ కంపు, దానికి తోడు పాములు. అదంతా శుభ్రం చేయించండి చాలు. ఇంకేమీ అడగం."

"గదెంత పని సార్," అన్నాడు ప్రతాప్. "మా సొంత భూమేనాయె. దసరా లోపట సాఫ్ జేపిస్త."

"ఎలక్షన్ల ముందు అందరూ చేయిస్తామనే అంటారు లెండి," అని కామేశ్వరి నవ్వింది.

ప్రతాప్ నా చేతిలోని కుంకుమ భరిణె వైపు చూశాడు. మా దిక్కున ఆడవాళ్లు ఓటడగడమంటే గడపగడపకూ పోయి బొట్టు పెట్టి అడగడమే. పెట్టించుకున్న మనిషి ఓటు వేస్తుందో లేదో ఆమె ఇష్టం. కానీ బొట్టు పెట్టి నోటితో ఒక మాట అంటే, అన్న మనిషి అది చేసి తీరాలి. మా అత్తమ్మ కాలంలో పిల్లనిచ్చే మాటలు కూడా దాని మీదే నడిచాయట. నేను లేచి కామేశ్వరికి బొట్టు పెట్టాను.

"తీపిస్తనమ్మా. దసరాకు ఆ జమ్ముండదు," అన్నాను. ఆమె మొహం విప్పారింది. వాకిట్లోకి వచ్చాక ప్రతాప్ నా వీపు తట్టాడు. పెళ్లయ్యాక పదిమందిలో ఆయన నా వీపు తట్టడం అదే మొదలు.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ కొట్టంలో పాలు పిండుతోంది. భూమి ఆమె పేరు మీదుంది. ఆమె వద్దంటే గడ్డిపోచ కదిలించే హక్కు ఎవరికీ లేదు. ప్రతాప్ కొట్లాటకు సిద్ధపడే వచ్చాడు, మాట్లాడమని నన్ను ముందుకు తోశాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను.

చెంబులో పాలధార ఆగలేదు. "బొట్టు పెట్టి జెప్పినవా?" అని అడిగింది.

"పెట్టి జెప్పిన."

"అయితే ఇగ నేనెందుకడ్డం," అంది. చెంబు పక్కన పెట్టి దూడను వదిలింది. "ఇంటి కోడలి మాట వోయినంక భూమెందుకు."

ఇంత తొందరగా తెములుతుందని ప్రతాప్ అనుకోలేదు. గెలిచిన సంతోషం కంటే, తయారుచేసుకొచ్చిన మాటలన్నీ దండగైపోయాయన్న చికాకే ఎక్కువ కనబడింది ఆయన మొహంలో.

మర్నాడే జేసీబీ దిగింది. వేళ్లతో సహా పెల్లగించి గట్టు మీద పోసి, ఎండిందల్లా తగలబెట్టారు. మురుగు ఆగకుండా పోవాలని తూము దగ్గరి నుంచి కాలువ దాకా తిన్నగా గీత గీసినట్టు ఒక కంద్యం, లోతైన కాలువ, తవ్వారు. కాలనీవాళ్లు సాయంత్రాలు పిల్లలతో వచ్చి నిలబడి చూశారు. కొంగలు రెండు మూడు రోజులు పైన తిరిగి ఎటో పోయాయి. కప్పలు మాత్రం మా ఇంటి వాకిట్లోకి, బాత్రూంలోకి, ఆఖరికి ప్రతాప్ బూట్లలోకి వచ్చాయి. దారి తప్పినవాళ్లను పంపినట్టు అత్తమ్మ వాటిని చీపురుతో మెల్లగా బయటికి నెట్టేది.

వానలు పడ్డాయి. ఓట్లు పడ్డాయి. గెలిచాను. గులాల్ చల్లుకుంటూ డప్పులతో నన్ను ట్రాక్టరెక్కించి ఊరంతా తిప్పారు. కాలనీ గేటు దగ్గర కామేశ్వరి హారతిచ్చింది.

మరుసటి పొద్దున, తలలో గులాల్ ఇంకా పోనే లేదు, కింది వాడకట్టు ముత్తమ్మ ఖాళీ బిందెతో వచ్చి మా గేటు దగ్గర నిలబడింది. ముత్తమ్మ మా ఆకుకూర మడుల్లో పని చేసేది. తొలిసారి నన్ను సర్పంచమ్మా అని పిలిచింది.

"సర్పంచమ్మా, బాయికాడికి ఒక్కసారి రా."

అత్తమ్మ అప్పటికే అక్కడుంది. నీళ్ల మీద సబ్బు నురగ తేలుతోంది. కింద నలుపు. తూము దగ్గర వచ్చే వాసనే బావిలోంచి వస్తోంది. అత్తమ్మ ఒక బొక్కెన తోడి తొట్టిలో పోసి ముర్రా బర్రెను వదిలింది. అది మూతి దించి, ముక్కుపుటాలు ఎగరేసి, నీళ్లు ముట్టకుండా అత్తమ్మ మొహంలోకి చూసింది.

"వద్దులే," అని అత్తమ్మ దాని మెడ నిమిరింది.

ఆ రోజు నుంచి బర్రెలకు పంచాయతీ నల్లా నీళ్లు మోశాం. ఆ నీళ్లు ఎటూ సరిపోవు కాబట్టి మిగతా బర్రెలు విధి లేక అడపాదడపా బావి నీళ్లు తాగేవి, ముర్రాది మాత్రం ముట్టేది కాదు. కాలనీకి పాలు పోయడం అత్తమ్మ ఆపేసింది. ఎందుకని ప్రతాప్ గొణిగితే, "బర్రెకు సయించని నీళ్లతోని అచ్చిన పాలు మంది పిల్లలకెట్ల పోస్తం రా," అంది. ముత్తమ్మ వాళ్లు నీళ్లకు కరీంనగర్ రోడ్డు దాటి పోవడం మొదలుపెట్టారు.

ఒక మధ్యాహ్నం కొట్టం దగ్గర అడిగాను. "అత్తమ్మా, జమ్ము వోతే గిట్లయితదని నీకు తెల్వదా?"

"తెల్వకేంది."

"మరి నన్నెందుకాపలే?"

ఆమె పేడ తట్ట ఎత్తి అవతల పెట్టింది. "నువ్వు గామెకు బొట్టు పెట్టి జెప్పినవు. నేనాపితే నీ మాట వోతది. బాయి సంగతి నాకెవరేం జెప్పిన్రు? బొట్టు లేనోళ్లకు మాట ఎవలిస్తరు బిడ్డా."

మామయ్య పోయి అప్పటికి చాలా ఏళ్లు. ఆమె ఆ మాట ఏడుపుతోనో నిష్ఠూరంగానో అనలేదు. దాణా కొనుక్కురమ్మని చెప్పినట్టు చెప్పింది. నాకు సిగ్గేసింది. ఊళ్లో వందల గడపలెక్కాను, ఈ ఇంట్లో ఉన్న మనిషిని దాటిపోయాను.

వినాయక చవితి వెళ్లాక ప్రతాప్ ఒక మ్యాపు తెచ్చి నా ముందు పరిచాడు. మూడెకరాలూ ప్లాట్లుగా గీసి ఉన్నాయి. రోడ్లకు పేర్లు కూడా పెట్టారు. ఒకదానికి మా పాప అశ్రిత పేరు.

"ఇగ సాఫైంది గద. పంచాయతీ దిక్కెల్లి నువ్వు సంతకం పెడితె అయిపాయె," అన్నాడు.

"అత్తమ్మ ఒప్పుకున్నదా?"

"జమ్ము వోతే ఏమన్న అన్నదా? గిప్పుడూ ఏమనదు."

"మరి బాయి?"

"బోరేపిస్త. గీ కాలంల ఇంకా బాయేందే?"

నిజానికి ఆయన చెడ్డవాడు కాదు. పట్నం దాకా రోడ్డుకు రెండు పక్కలా జరుగుతున్నదే ఆయనా చేద్దామనుకున్నాడు. పెన్ను మూత తీసి మరీ నా చేతికిచ్చాడు. నేను మూత పెట్టి మ్యాపు మీద ఉంచాను.

"ఇయ్యాల పెట్ట," అన్నాను.

"మరెప్పుడు పెడ్తవ్?"

నేను లేచి పూజగదిలోంచి భరిణె తీసుకుని కొట్టంలోకి పోయాను. అత్తమ్మ కుడితి కలుపుతోంది. మోచేతుల దాకా తవుడు. నేను కుంకుమ తీసి ఆమె నుదుట పెట్టాను.

ఆమె కుడితిలోంచి చెయ్యి తీసింది. మణికట్టు నుదుటి దాకా పోయి ఆగింది.

"పిచ్చి లేసిందా పిల్లా?"

"లేదు. ఓటడుగుతలే. మాటిస్తున్న."

"ఏం మాట?"

"బాయి మాట. ముర్రది మళ్ల ఆ నీళ్లు తాగాలె."

కాసేపు నా మొహంలోకి చూసింది. చెయ్యి కిందికి దించి మళ్లీ కుడితిలో పెట్టింది. "సరే. సూస్త," అంది.

తెల్లారి నేను ముగ్గు వేసి లేచేసరికి స్నానం చేసి అరుగు మీద కూర్చుని ఉంది. నుదురు ఖాళీగా ఉంది.

"మాట తీరిందా?" అని అడిగింది.

"తీరలే అత్తమ్మా."

"అయితే పెట్టు."

ఆ రోజు నుంచి రోజూ పొద్దున అదే వరస. ఊళ్లో గుసగుసలు లేచాయి. మొగుడు పోయిన మనిషికి కోడలు బొట్టు పెడుతోందట, సర్పంచ్ అయిందని కళ్లు నెత్తికెక్కాయట. మా ఆడబిడ్డ కీసర నుంచి పని కట్టుకుని వచ్చి చూసి, అన్నం తిని వెళ్లిపోయింది. ప్రతాప్ ఒకరోజు నన్ను ఆపి, "సర్పంచ్ గారూ, మా అమ్మను గిట్ల బజార్ల నిలవెట్టుడు మంచిగున్నదా?" అన్నాడు. ఇంట్లో అప్పటినుంచి నా పేరు అదే. సర్పంచ్ గారూ కూర ఉన్నదా, సర్పంచ్ గారూ పాప ఏడుస్తాంది.

మ్యాపు పట్టుకుని ఆయన తల్లి దగ్గరికి కూడా పోయాడు. ఆమె బొట్టుతో అరుగు మీద కూర్చుని వత్తులు చేస్తోంది.

"పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి రా అది," అంది తలెత్తి. ప్రతాప్ ఆ నుదుటి వైపు చూసి, మ్యాపు చుట్టుకుని వచ్చేశాడు.

భూమి మిగిలింది. నీళ్ల సంగతి మిగిలింది. అత్తమ్మనే వెంటబెట్టుకుని నేను మళ్లీ కృష్ణారావు గారి ఇంటికి పోయాను. అత్తమ్మను చూడగానే కామేశ్వరి చూపు నుదుటి మీద ఆగి, పక్కకు తప్పుకుంది. కాఫీ ఇచ్చి, "ప్యాకెట్ పాలండీ, బాగోదు. మీ పాలు మానేశాక ఈ ఇంట్లో కాఫీకి రుచే పోయింది," అంది.

"నేను మీకిచ్చిన మాట తీర్చిన," అన్నాను. "జమ్ము పోయింది. మరి దోమలు పోయినయా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. దోమలు పెరిగాయి. కంద్యంలో కవర్లు అడ్డం పడి మురుగు నిలిచిపోయింది. కంపు ఇప్పుడు నేరుగా ఇళ్లలోకే కొడుతోంది.

కృష్ణారావు గారు నాతో పాటు బావి దాకా నడిచి వచ్చాడు. వంగి చూశాడు. బొక్కెన తోడి నీళ్లు వాసన చూశాడు.

"మా ఫ్యాక్టరీలో క్యాంటీన్ నీళ్లకి ఇలాంటిది నేనే కట్టించానమ్మా," అన్నాడు చివరికి. "ముందు ఒక గుంటలో మడ్డి దిగుతుంది. తర్వాత కంకర పరిచిన మడి, అందులో జమ్ము. వేళ్ల సందుల్లోంచి మెల్లగా నడిచేసరికి నీళ్లు తేరతాయి. ఇక్కడ ఉన్నదీ అదేనని నాకు తోచనే లేదు. ఎవరూ కట్టింది కాదు కదా."

"ఇప్పుడు కట్టొచ్చా సార్?"

"కట్టొచ్చు. ఒక్క మీ భూమిలోనే అయితే చాలదు. కాలనీ పెద్దదైంది. తూము దాకా రాకముందే, మా పార్కు స్థలంలోనే మొదటి రెండు మడులూ ఉండాలి."

తిరిగి వాళ్లింటికి వచ్చి ఆ సంగతి చెప్పగానే కామేశ్వరి లేచి నిలబడింది. "పార్కులోనా? పిల్లలు ఆడుకునే చోట మురుగా?"

"పిల్లలు కింది వాడకట్టుల గూడ ఉన్నరమ్మా," అన్నాను.

ఆమె మొహం ఎర్రబడింది. అప్పటిదాకా కాఫీ ముట్టకుండా కూర్చున్న అత్తమ్మ గ్లాసు పక్కకు జరిపింది.

"సూడమ్మా," అంది. "మీ మురికి నేనొద్దంటలేను. ఇన్నేండ్ల సంది నా భూమిల వోసుకుంటిరి, ఏమన్నంటినా? సగం దూరం మీరు కడుక్కోని పంపుండ్రి. మిగిలింది నా జమ్ము సూసుకుంటది. బర్రె తాగిన్నాడు మళ్ల పాలు పోస్త."

కామేశ్వరి లోపలికి పోయింది. కోపమొచ్చి వెళ్లిపోయిందనుకున్నాం. తన కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. నాకు బొట్టు పెట్టి, "పార్కు ఇప్పిస్తాను. మగవాళ్ల సంగతి నేను చూసుకుంటా," అంది. వేలు మళ్లీ భరిణెలో ముంచి, అత్తమ్మ ముందుకు వచ్చేసరికి తటపటాయించింది.

"ఆగినవేంది?" అంది అత్తమ్మ, నుదురు ముందుకు పెట్టి. "నాకియ్యవా మాట?"

కామేశ్వరి పెట్టింది. పొద్దున నేను పెట్టిన బొట్టు మీదే పెట్టింది.

కాలనీ మీటింగులో గొడవ బాగానే అయిందట. ఒకాయన కమిటీకి రాజీనామా చేశాడు, ఇంకొకాయన ఇల్లు అమ్ముకుంటానన్నాడు. ఎవరూ అమ్ముకోలేదు. దసరా వెళ్లాక తవ్వకం మొదలైంది. కృష్ణారావు గారు గొడుగు వేసుకుని కంకర టిప్పర్ల వెంట తిరిగాడు. మొదటిసారి వాలు తప్పి నీళ్లు వెనక్కి ఎక్కాయి, మళ్లీ తవ్వించాడు. ప్రతాప్ రెండు రోజులు దూరం నుంచి చూసి, మూడో రోజు తన జేసీబీ మనిషిని పంపించాడు. జమ్ము పీకించిన బండే జమ్ముకు మడి తవ్వింది.

నాటడానికి జమ్ము ఎక్కడి నుంచి తేవాలా అనుకున్నాం గానీ, గట్టు మీద గుట్టపోసిన వేళ్లలో మంటకు కాలకుండా మిగిలిన దుంపలు అప్పటికే మొలకలెత్తి ఉన్నాయి. ముత్తమ్మ వాడకట్టు ఆడవాళ్లను వెంటేసుకుని వచ్చి వాటిని తీసి మడుల్లో నాటింది. కాలనీ ఆడవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గట్టున నిలబడ్డారు. కామేశ్వరి ఒక్కతే చీర ఎగదోపుకుని దిగి నాలుగు దుంపలు పాతి, కాలు జారి కూర్చుండిపోయింది. ముత్తమ్మ లేవదీస్తూ, "నాటేసినప్పుడు కూసుంటే పంట మంచిగొస్తదంటరమ్మా," అంది. అలా ఎవరూ అనరు. కానీ అందరూ నవ్వారు.

మూడెకరాల్లో తిన్నటి కంద్యం పూడ్పించాం. అక్కడ ఎవరూ నాటనక్కర లేకపోయింది, జమ్ము తనంతట తానే మళ్లీ లేచింది. బావిని మోటారు పెట్టి అడుగుదాకా తోడించి పూడిక తీయించాం. ఊట నీళ్లు మళ్లీ ఎక్కాయి. ముర్రా బర్రె వాసన చూసి తల తిప్పేసింది. కార్తీకంలో మళ్లీ చూపించాం, తల తిప్పేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాట తప్పుతానేమోనని భయం వేసింది. తెల్లారితే అత్తమ్మ అరుగు మీదే ఉంది. తీరిందా, తీరలే, పెట్టు.

చలి తగ్గే రోజుల్లో, శివరాత్రి ఇంకా రాకముందు, ఒక సాయంత్రం నేను పంచాయతీ ఆఫీసు నుంచి వస్తుంటే ప్రతాప్ బావి గట్టున నిలబడి ఉన్నాడు. బొక్కెన ఆయన చేతిలోనే ఉంది. చొక్కా ముందంతా తడి. తొట్టి దగ్గర ముర్రా బర్రె మెడ కిందికి వంచి ఉంది. గొంతులో గుటకలు పైకి కనబడుతున్నాయి.

"సర్పంచ్ గారూ, తాగుతాంది," అన్నాడు మెల్లగా, అదెక్కడ బెదురుతుందో అన్నట్టు.

అత్తమ్మ దాని పక్కనే, మెడ మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. తొట్టి ఖాళీ అయింది. "ఇంకో బొక్కెన పొయ్యి," అంది ఆమె కొడుకుతో. కృష్ణారావు గారు నీళ్లు సీసాలో పట్టుకుపోయి పరీక్ష చేయించి, గొడ్లకూ మడులకూ ఏ బాధా లేదని, వంటకైతే మరిగించి వాడుకోమని చెప్పాడు. అంతకుముందే అత్తమ్మ కాలనీకి పాల క్యాన్ పంపించేసింది.

తెల్లారి నేను ముగ్గు వేసి లోపలికి పోతున్నాను. భరిణె తేలేదు. మాట తీరిపోయింది కదా, పరాయివాళ్ల నోట్లో నానకుండా ఇక ఆమెను వదిలేయడమే మర్యాద అనుకున్నాను. అత్తమ్మ స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, ఎప్పటిలాగే అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏదీ, బొట్టు?" అంది.

"బాయి మంచిగైంది గద అత్తమ్మా."

"బాయిది బాయికే," అని నుదురు ముందుకు పెట్టింది. "నాది నాకే. పెట్టు."